అవ్వ ఎప్పుడూ అంచునే నిలబడేది: మన కెమెరా, జూమ్ లెన్స్ చరిత్ర



గ్రూపు కెమెరాకి కొత్త లెన్స్ కొనాలా వద్దా అని మొదలైన చర్చ ఇంకా తెగలేదు. "చేతిలో ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు" అన్నారు కొందరు. "ఉన్న లెన్స్ బాగానే ఉంది కదన్నా, ఆ డబ్బుతో ఇంటర్ పిల్లలకి గైడ్లు కొనిద్దాం" అని ఒక చెల్లెలు రాసింది. ఆ మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదు, అది న్యాయమైన మాటే. కానీ ఓటు వేసే ముందు కొంచెం చరిత్ర చెప్పాలనిపించింది. పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి.

మా అవ్వ ఫొటోతో మొదలుపెడతా. సోమల పక్కన మా తాండాలో, 2006లో మా చిన్నాయన పెళ్ళిలో తీసింది. నలభై మంది దాకా వరసల్లో నిలబడ్డారు. నడుమ పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, వాళ్ళ పక్కన తాండా పెద్దలు, ఇంకో పక్క ఊర్నుంచి వచ్చిన రెడ్డి. అవ్వని నడుమకి రమ్మని మా నాయన పిలిచినాడంట. "నన్నెందుకురా ఆడ నిలబెట్టేది, నేనీడే ఉంటా" అని ఎడమ చివరన నిలబడింది. ఒంటి మీద అద్దాల కాంచళి, పేటియా, చేతినిండా గాజులు. ఆమె అట్ల ముస్తాబై ఫొటో దిగింది అదొక్కసారే. ఓటరు కార్డులో ఉన్నది చీర కట్టుకున్న ఫొటో, అది చూస్తే మా అవ్వే అని మాకే అనిపించదు.

అవ్వ పోయినాక ఆ పెళ్ళి ఫొటోలోంచి ఆమెని కత్తిరించి పెద్దది చేయించి గోడకి పెట్టుకుందామనుకున్నాం. స్టూడియో అబ్బాయి కంప్యూటర్లో పెద్దది చేసి చూపించినాడు. నడుమ నిలబడ్డ రెడ్డి చేతి గడియారంలో ముల్లు కూడా కనబడతా ఉంది. అవ్వ మొహం మాత్రం తడి చేత్తో తుడిచిన మాదిరి చెదిరిపోయింది. అద్దాలన్నీ తెల్లటి మచ్చలు. "ఇంతకంటే రాదన్నా, ఫైల్లోనే లేదు" అన్నాడు.

తప్పు ఫొటో తీసినాయనదా? పూర్తిగా కాదు. ఆయన దగ్గర ఉన్నది అప్పట్లో కొత్తగా దొరుకుతున్న డిజిటల్ కెమెరా, దాంతోపాటే పెట్టెలో వచ్చిన 18-55 జూమ్. నలభై మందీ పట్టాలని దాన్ని 18 దగ్గర పెట్టి, దగ్గర్నుంచే కొట్టినాడు. లెన్స్ నడుమన బాగా చూస్తుంది, అంచుల్లో తక్కువ చూస్తుంది. ఈ జబ్బు లెన్సులు పుట్టినప్పటి నుంచీ ఉంది.

1840లో యోసెఫ్ పెట్జ్‌వాల్ అనే గణిత ప్రొఫెసరు వియన్నాలో మనుషుల బొమ్మలు తీయడానికి ఒక లెన్స్ లెక్కగట్టినాడు. దాన్ని తయారు చేసి అమ్మింది ఫోక్ట్‌లాండర్ కంపెనీ. అంతకుముందు లెన్సులతో పోలిస్తే చాలా ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకునేది కాబట్టి, నిమిషాల తరబడి కదలకుండా కూర్చునే బాధ తగ్గింది. అయితే దాని పదునంతా నడుమనే, అంచులకి పోయేకొద్దీ చెదురుతుంది. ఒక్క మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి తీసేవాళ్ళకి దాంతో ఇబ్బంది లేదు. కుర్చీలో కూర్చునే స్తోమత ఉన్నవాళ్ళకే ఫొటో కాబట్టి అంచు సంగతి ఎవరికీ పట్టలేదు.

మరి మనోళ్ళు ఫొటోల్లోకి ఎట్ల వచ్చినారు? డబ్బిచ్చి దిగలేదు. 1857 తిరుగుబాటు తర్వాత, ఈ దేశంలో ఏ జనం ఎట్లుంటారో తెలుసుకోవాలని ప్రభుత్వానికి పట్టింది. ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే కలిసి 1868 నుంచి 1875 దాకా "ద పీపుల్ ఆఫ్ ఇండియా" అని ఎనిమిది సంపుటాలు తెచ్చినారు. అందులో నాలుగొందలకు పైగా ఫొటోలు. ఆ రోజుల్లోనే, 1869లో, లాంప్రే అనే ఆయన లండన్‌లో ఒక పద్ధతి చెప్పినాడు: చెక్క చట్రానికి దారాలు కట్టి రెండంగుళాల గళ్ళు చేయాలి, మనిషిని బట్టల్లేకుండా దాని ముందర నిలబెట్టాలి, ఫొటో తీస్తే ఒళ్ళంతా కొలతకి వస్తుంది. అండమాన్లో పోర్ట్‌మన్ అనే అధికారి అక్కడి ఆదివాసుల్ని ఇట్లాంటి గళ్ళ తెర ముందే నిలబెట్టి తీసినాడు. ఆ పనికి పదును చాలా ముఖ్యం. గళ్ళు చెదిరితే కొలత తప్పుతుంది మరి.

మన దగ్గర ఈ పని చేసింది ఎడ్గర్ థర్‌స్టన్. 1885 నుంచి మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. కె. రంగాచారి సాయంతో 1909లో "కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా" ఏడు సంపుటాలు వేసినాడు. (అప్పటికి చిత్తూరు జిల్లానే లేదు. పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాట్ కింద, మదనపల్లె కడప కింద ఉండేవి. 1911లో కలిపినారు.) యానాదులు, లంబాడీలు, కొరవల పేరుతో ఎరుకలవాళ్ళు, అందరూ ఉన్నారు అందులో. చివరి సంపుటంలో యానాదులు నిప్పు పుట్టిస్తున్న ఫొటో ఉంది. థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకుని తిరిగి ముక్కు పొడవు, వెడల్పు, తల చుట్టూ కొలత రాసుకున్నాడు. మద్రాసు పోలీసులకి కూడా మనుషుల్ని కొలిచే విద్య నేర్పినాడు. 1871లో ఉత్తరాదిన పుట్టిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చి ఎరుకలవాళ్ళ మెడకి చుట్టుకున్నప్పుడు, వేలిముద్రలూ గుర్తులూ రాసుకునే యంత్రాంగం తయారుగానే ఉంది. ఆ చట్టం దేశమంతా రద్దయింది 1952లో.

ఆ పుస్తకాలు తిరగేస్తుంటే నాకు మళ్ళీ మళ్ళీ అనిపించేది ఒకటే. వాళ్ళ ఫొటోల్లో మనోళ్ళు నడుమ ఉన్నారు, స్పష్టంగా ఉన్నారు, పేర్లు మాత్రం లేవు. మన పెళ్ళి ఫొటోల్లో అందరి పేర్లూ మనకి తెలుసు, అంచున ఉన్న మొహాలే లేవు.

అందరూ థర్‌స్టన్ మాదిరే అని కాదు. హైమెన్‌డార్ఫ్ 1940లో హైదరాబాదు సంస్థానం వైపు నల్లమలలో చెంచుల మధ్య ఉండి ఫొటోలు తీసినాడు, పుస్తకం 1943లో వచ్చింది. ఆయన ఫొటోల్లో మనుషులు తమ పని చేసుకుంటా కనబడతారు. అవి చూడాలంటే మాత్రం లండన్ యూనివర్సిటీలోని సోయస్ భండారం తలుపు తట్టాల.

ఇప్పుడు జూమ్ సంగతి. ఒకే లెన్స్‌తో దూరాన్నీ దగ్గర్నీ చూడాలనే ఆలోచన పాతదే, సినిమా కెమెరాలకి 1930ల్లోనే అట్లాంటివి వచ్చినాయి. ఫొటో కెమెరాకి అమ్మకానికి వచ్చిన మొదటి జూమ్ 1959 నాటి జూమార్, 36-82 మిల్లీమీటర్లు, ఎఫ్/2.8. లెక్కగట్టింది ఫ్రాంక్ బ్యాక్, అమ్మింది మళ్ళీ ఆ ఫోక్ట్‌లాండరే. నూటపందొమ్మిదేళ్ళ తర్వాత కూడా అంచుల జబ్బు అట్లే ఉంది, ఇంకా ఎక్కువైంది కూడా. ఎందుకంటే మామూలు లెన్స్ ఒక మనిషి కొలతకి కుట్టిన చొక్కా. జూమ్ అంటే అన్న, తమ్ముడు, నాయన ముగ్గురూ మార్చి మార్చి తొడుక్కునే చొక్కా. లోపల గాజులు ముందుకీ వెనక్కీ జరుగుతాయి, ఒక చోట సరిచేసిన తప్పు ఇంకో చోట బయటపడుతుంది. 1963లో నికాన్ తెచ్చిన 43-86 జూమ్ బాగా అమ్ముడుపోయింది, పదును లేదని అంతే బాగా తిట్లు తినింది. 1970ల్లో దాన్ని మళ్ళీ కొత్తగా లెక్కగట్టి బాగుచేసినారు.

మార్పు తెచ్చింది 1973లో కానన్ వేసిన 35-70. గాజుల్ని రెండే రెండు గుంపులు చేసి, ఆ రెండిటి మధ్య దూరం మార్చి జూమ్ చేసినారు. జూమ్ కూడా మామూలు లెన్సుకి దగ్గరగా రాగలదని అప్పుడు నమ్మకం కలిగింది. తర్వాత కంప్యూటర్లో లెక్కలు, అచ్చుపోసిన ప్రత్యేక వంపు గాజులు వచ్చి ధర పడిపోయింది. 2003లో కానన్ 300డీతో 18-55 పెట్టెలోనే వచ్చింది. మా చిన్నాయన పెళ్ళికి వచ్చింది ఆ కాలపు సరుకే. దాన్ని ఊరికే తిట్టలేను. అది లేకపోతే మా తాండాకి డిజిటల్ కెమెరానే వచ్చుండేది కాదు. 2007లో వచ్చిన, చేతి వణుకు ఆపే ఐఎస్ రకం దానికంటే మెరుగు. మన గ్రూపు కెమెరాకి ఉన్నది ఇదే.

మరి మెరుగైనది ఉండగా మార్చేదెందుకు? పోయిన సేవాలాల్ జయంతికి రాత్రి తీసిన ఫొటోలు మీరంతా చూసినారు. ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతా ఆడుతుంటే ఒక్క మొహమూ నిలబడలేదు. 55 దగ్గర ఈ లెన్స్ ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. ఎఫ్/2.8 అంటే దానికి నాలుగు రెట్లు వెలుతురు. సెకనులో పదిహేనో వంతు తెరిచే చోట అరవయ్యో వంతు చాలు. ఐఎస్ మన చెయ్యి వణుకు ఆపుతుందే గానీ ఆడే మనిషిని ఆపదు. అంటే మనం "పదును లేదు" అనుకునేది సగం లెన్స్ పదును కాదు, వెలుతురు చాలకపోవడం. బోయకొండ గంగమ్మ గుడి దగ్గర రాత్రిపూట తీసినా ఇదే సంగతి.

నేను చూసినంతలో మన కానన్ బాడీకి దారులు ఇవి. కానన్ 15-85 పగటికి బ్రహ్మాండం, వెడల్పు ఎక్కువ పడుతుంది, కానీ ఆ చివర మళ్ళీ ఎఫ్/5.6, రాత్రి కష్టం తీరదు. కానన్ 17-55 ఎఫ్/2.8 అన్నిటికంటే నాకిష్టం, ధర చూసి పక్కన పెట్టినా. సిగ్మా 18-35 ఎఫ్/1.8, 2013లో వచ్చింది, పదునులో దానికి ఎదురులేదు, కానీ ముప్పాతిక కిలో పైన బరువు, 35తో ఆగిపోతుంది. దూరంగా కూర్చున్న ముసలాయన మొహం కావాలంటే నువ్వే లేచి ఆయన మీదికి పోవాల. మిగిలినవి రెండు: 2006 నాటి టామ్రాన్ 17-50 ఎఫ్/2.8, 2010లో వచ్చిన సిగ్మా 17-50 ఎఫ్/2.8. సిగ్మాకి వణుకు ఆపేది ఉంది. టామ్రాన్‌లో వీసీ అని వణుకు ఆపే రకం తర్వాత వచ్చింది, కానీ వీసీ లేని పాతదే ఎక్కువ పదును అని వాడినవాళ్ళ మాట. మనం తీసేది కదిలే మనుషుల్ని కాబట్టి నా ఓటు వీసీ లేని పాత టామ్రాన్‌కి, అదీ సెకండ్‌హ్యాండ్‌లో. ఫోకస్ పట్టేటప్పుడు గిర్రుమని చప్పుడు చేస్తుంది, వీడియో తీసే తమ్ముళ్ళు ముందే తెలుసుకోండి.

సెకండ్‌హ్యాండ్ అంటే పరీక్ష పెట్టాల. క్లాసిఫైడ్ ప్రకటనల పేజీ గోడకి సాపుగా అంటించి, కెమెరాని స్టాండు మీద గోడకి సరిగ్గా ఎదురుగా పెట్టండి. 17, 35, 50 దగ్గర, ఒక్కోచోట ఎఫ్/2.8, 5.6, 8తో తీయండి. నాలుగు మూలలూ ఒకే మాదిరి కొంచెం చెదిరితే పర్వాలేదు, ఎఫ్/8కి సర్దుకుంటాయి. ఒక్క మూల మాత్రమే చెదిరి మిగతా మూడూ బాగుంటే లోపల గాజు పక్కకి జరిగిందని అర్థం, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. టార్చి వేసి లోపల చూడండి, సాలెగూడు మాదిరి గీతలుంటే బూజు.

కొత్తది వచ్చేదాకా, వచ్చినాక కూడా, గుంపు ఫొటో తీసేటప్పుడు ఒక పని చేయండి. 18 దగ్గర పెట్టి మీదికి పోవద్దు. నాలుగడుగులు వెనక్కి పోయి 30-35 దగ్గర పెట్టి, పగలైతే ఎఫ్/8తో కొట్టండి. వెడల్పు చివరన తీస్తే అంచున ఉన్నవాళ్ళు చెదరడమే కాదు, మొహాలు పక్కకి సాగి లావుగా వస్తాయి. దీనికి పైసా ఖర్చు లేదు. మా చిన్నాయన పెళ్ళిలో వెనక చింతచెట్టు దాకా జాగా ఉండె.

ఇంకో సంగతి, గైడ్లు కొనిద్దామన్న చెల్లెలికి. అటవీ హక్కుల చట్టం 2006, దాని నిబంధనలు 2008లో వచ్చినాయి. దరఖాస్తుకి సాక్ష్యాలుగా పాత బావులు, శ్మశానాలు, పూజ చేసే చోట్లు, పొలం గట్లు లాంటివి కూడా చూపించొచ్చని అందులో ఉంది. అట్లాంటివాటికి మనం తీసిన ఫొటోల్లో రాతి మీది అక్షరం చదవడానికి రాకపోతే ఎట్ల? పెద్దోళ్ళ దగ్గరున్న నలిగిన పాత కాగితాలు ఫొటో తీసి దాచాలన్నా అంచుల దాకా పదును కావాల్సిందే. గైడ్లు వద్దనడం లేదు. రెండూ చేయలేమా అని అడుగుతున్నా.

మన తాండాల్లో, యానాది కాలనీల్లో, ఎరుకల ఇళ్ళల్లో డెబ్బై దాటినవాళ్ళ జాబితా ఒకటి రాస్తున్నాం కదా, సోమల వైపు పేర్లు నా దగ్గరున్నాయి. చౌడేపల్లె, పుంగనూరు వైపు ఇంకా రాలేదు. ఫొటో తీసే ముందు వాళ్ళని అడగండి, ఏం కట్టుకుంటారో వాళ్ళిష్టం, పేరు వాళ్ళు చెప్పినట్టే రాయండి.

ఓటు ఆదివారం దాకా. ఒప్పుకుంటే ముగ్గురం బెంగళూరు పోయొస్తాం. పేపరు, టేపు, టార్చి నేను తెస్తా. కెమెరా ఎవరి దగ్గరుందో వాళ్ళు బ్యాటరీ ఛార్జ్ చేసి పెట్టండి.