బాలల జంతుశాల

లండన్ జంతుప్రదర్శనశాల 1828లో శాస్త్ర పరిశోధనకై నెలకొల్పబడినది. 1847 వరకు సామాన్య ప్రజలకు అందులో ప్రవేశము లేదు. తరువాత కూడ మనిషికి, జంతువునకు నడుమ ఇనుప కమ్మీలు ఉండెను. పిల్లలకు మాత్రము చూచినంతనే తృప్తి కలుగదు, తాకవలెనని ఉండును.

1935లో జీవశాస్త్రజ్ఞుడు జూలియన్ హక్స్లీ ఆ సంస్థకు కార్యదర్శి అయ్యెను. పిల్లలు జంతువులను తాకి చూచుటకు ఆయన కాలముననే అచ్చట ప్రత్యేక స్థలము ఏర్పడినది. 1938లో అది బాలల జంతుశాలగా రూపొందినది. దానిని ప్రారంభించినవారు కూడ పిల్లలే: నాటి అమెరికా రాయబారి కుమారులు రాబర్ట్, ఎడ్వర్డ్ కెన్నెడీలు. అదే సంవత్సరమున ఫిలడెల్ఫియాలో కూడ ఇట్టిది వెలసినది. తొలినాళ్ళలో సింహపు పిల్లలను సైతము పిల్లల చేతికి అందించెడివారు. క్రమముగా వాటి స్థానమును మేక, గొర్రె, కుందేలు ఆక్రమించినవి.

స్పర్శ వలన కలుగు జ్ఞానము చిన్నది కాదు. కుందేలు గుండె ఎంత వేగముగా కొట్టుకొనునో అరచేతికి తెలియును. గొర్రె ఉన్నిలోని జిడ్డు వ్రేళ్ళకు అంటును. మేక పైదవడలో ముందుపండ్లు లేవన్న సంగతి దానికి ఆకు తినిపించునపుడు కనబడును.

అయితే వ్రేళ్ళకు అంటునది జిడ్డు మాత్రమే కాదు. 1982లో అమెరికాలో సరిగా ఉడకని గొడ్డుమాంసము వలన కలిగిన వ్యాధికి కారణము వెదకగా, ఈ. కోలై బాక్టీరియాలో ఓ157 అను రకము బయటపడినది. ఇది ఆవు, గొర్రె, మేకల ప్రేగులలో వాటికి ఏ జబ్బును కలిగింపక నివసించును. పేడతో వెలువడి బొచ్చుకు, కంచెకు, నేలకు అంటును. అచ్చట తాకిన చేయి నోటిలో పెట్టుకొన్నచో మనిషికి సోకును. దాని విషము రక్తవిరేచనములు కలిగించును. పసిపిల్లలలో కొందరికి మూత్రపిండములను చెడగొట్టును. 2004లో ఉత్తర కరోలినా రాష్ట్రపు ఉత్సవములో జంతువుల దొడ్డి మూలమున 108 మందికి, 2009లో ఇంగ్లండులో ఒక పశుక్షేత్రమును దర్శించిన 93 మందికి ఈ వ్యాధి సోకినది. రెండవ సందర్భమున హెచ్చుమంది పదేండ్లలోపు పిల్లలే.

కనుక జంతువు ఆరోగ్యముగా కనబడుట చాలదు. అట్లని పిల్లలను దానికి దూరము చేయనక్కరలేదు. దొడ్డిలో ఏమియు తినరాదు. వ్రేలు నోట పెట్టరాదు. వెలుపలికి రాగానే సబ్బుతో, పారు నీటితో చేతులు కడుగవలెను. మురికిపట్టిన చేతులపై ఆల్కహాలు ద్రవము చక్కగా పనిచేయదు. జంతువునకు కూడ, ఇష్టము లేనపుడు తొలగిపోవుటకు చోటుండవలెను. విహారయాత్రకు పిల్లలను తీసుకొనిపోవు ఉపాధ్యాయుడు మొదట చూడవలసినది మేకలను కాదు, నీటి కుళాయిని.