చంద్రబింబము: ద్రష్టృస్థానమును బట్టి కలుగు రూపభేదములు

ఒకే రాత్రి, ఒకే గడియయందు, భూమిపై వేర్వేరు తావుల నిలిచి చూచువారికి చంద్రబింబము ఒకే తీరున గోచరింపదు. ఒకరికి నిలువుగా తోచు శృంగములు మరియొకరికి వెల్లకిల పరుండినట్లుండును. ఒకరికి కుడిప్రక్కను వెలుగు అర్ధబింబము వేరొకరికి ఎడమప్రక్కను వెలుగును. ఒకరికి సూర్యుని పూర్తిగా మరుగుపరచిన చంద్రుడు కొన్ని వేల కిలోమీటర్ల దూరమున నున్నవారికి అంచును మాత్రమే కప్పి తొలగిపోవును. ఈ భేదములు చంద్రునియందు పుట్టినవి కావు. చూచువాని అక్షాంశము, చూచిన వేళ, అతడు మొగము త్రిప్పిన దిక్కు, అతని క్షితిజముపై నున్న వాయుమండలము అనువాని వలన కలిగినవి. ఈ వ్యాసమున విజయనగరం జిల్లాలో చంపావతీ తీరమున నున్న నెల్లిమర్ల (ఉత్తర అక్షాంశము 18.17 డిగ్రీలు, తూర్పు రేఖాంశము 83.43 డిగ్రీలు) ప్రధాన దర్శనస్థానముగా గ్రహింపబడినది. ఉత్తర ఐరోపాను దృష్టియందుంచుకొని గీసిన పటములు మన పాఠ్యపుస్తకములలో యథాతథముగా ప్రవేశించి, నెలవంక యనగా నిలువుగా నిలిచిన వంపుగీత యను భావమును పిల్లల మనస్సులలో నాటినవి. ఆ పటములోని నెలవంక నెల్లిమర్ల ఆకాశమున సాయంకాలమున కనబడుట మిక్కిలి అరుదు.

మారనిదేదో ముందుగా చెప్పవలెను. చంద్రుడు భూమిని చుట్టివచ్చుటకును, తన యిరుసుపై తాను తిరుగుటకును పట్టు కాలము ఒక్కటే, సుమారు 27.3 దినములు, అగుటచేత భూలోకవాసులందరికిని అతడు చూపు ముఖము ఒక్కటే. ఒకానొక క్షణమున బింబములో ఎంత భాగము వెలుగుచుండునను విషయము కూడ దేశమును బట్టి చెప్పుకోదగినంతగా మారదు. మారునది ఆ ముఖము యొక్క వాలు. ‘పైన’, ‘క్రింద’ అనునవి చంద్రునికి లేవు. అవి చూచువాని కాళ్లక్రింది భూమికి సంబంధించినవి, ఆ భూమి గుండ్రనిది.

ఈ వాలు దేశాంతరమునకు పోకుండ నెల్లిమర్లలోనే ఒక రాత్రిలో ఎంతగా మారునో చూడవచ్చును. చంద్రునిలోని మచ్చను మనవారు చెవులపిల్లిగా భావించిరి. మేర్ ట్రాంక్విలిటాటిస్ అను మైదానము దాని తల, మేర్ ఫెకుండిటాటిస్, మేర్ నెక్టారిస్ అనునవి రెండు చెవులు. (1969 జులై 20న అపోలో 11 దిగినది ఈ తలపైననే.) చంపావతి సముద్రమున కలియు కోనాడ వైపునుండి పున్నమి చంద్రుడు లేచునపుడు చెవులు పైకి నిక్కియుండును. రాత్రి పనికై మిల్లునకు పోవుచు సాయంకాలమున తూర్పున ఆ బింబమును చూచిన కార్మికుడు తెల్లవారుజామున మరలివచ్చుచు పడమట చూచెనేని, అదే చెవులపిల్లి తలక్రిందుగా దిగుచుండును. చంద్రుడు ఖగోళ మధ్యరేఖయగు విషువద్వృత్తముపై నున్ననాడు నెల్లిమర్లలో ఉదయాస్తమయముల నడుమ బింబము సవ్యదిశగా సుమారు 144 డిగ్రీలు తిరిగినట్లు కనబడును. లండనులో ఈ తిరుగుడు 77 డిగ్రీలు మాత్రమే. ధ్రువమునకు చేరువైనకొలది ఇది తగ్గును, భూమధ్యరేఖను సమీపించినకొలది హెచ్చి సగము చుట్టగును.

ఉష్ణమండలవాసులకు ఇంకొక విశేషము కలదు. చంద్రుని క్రాంతి, అనగా విషువద్వృత్తమునుండి ఉత్తరమునకో దక్షిణమునకో గల దూరము, నెలనెలా మారుచుండుటయే గాక, దాని పరమావధి కూడ 18.6 సంవత్సరముల చక్రములో 18.3 డిగ్రీలకును 28.6 డిగ్రీలకును నడుమ ఊగుచుండును. 2015 ప్రాంతమున ఇది కనిష్ఠము. 2025 ప్రాంతమున గరిష్ఠము. నెల్లిమర్ల అక్షాంశము ఆ కనిష్ఠావధికి ఇంచుమించు సమానమగుటచేత, 2015లో చంద్రుడు తన ఉత్తరపు కొసకు వచ్చిన దినములలో ఈ ఊరివారి నడినెత్తిమీదుగా సాగిపోయెను. 2025 ప్రాంతమున అట్లు గాక నెలకు సుమారు ఏడు దినములు నడినెత్తికి ఉత్తరముగా పోయెను. మార్గశిర పూర్ణిమనాడు అర్ధరాత్రివేళ చంద్రుని చూడగోరువారు దక్షిణమునకు గాక ఉత్తరమునకు మొగము త్రిప్పవలసివచ్చినది. ఆషాఢ పూర్ణిమకో, అతడు దక్షిణమున 43 డిగ్రీల ఎత్తునకు మించి ఎక్కలేదు. ఉత్తరముగా పోవు రాత్రులయందు బింబము అపసవ్యముగా తిరుగును. ఇక చంద్రుడు సరిగా నడినెత్తినున్నపుడు ‘పైన’ అనునదే లేదు: మేడమీద నులకమంచముపై తూర్పున తలపెట్టుకొని పరుండినవానికిని, ప్రక్క మంచముపై దక్షిణమున తలపెట్టుకొనినవానికిని చెవులపిల్లి పావుచుట్టు తేడాతో కనబడును, ఇద్దరిలో ఎవరిది సరియైన చూపు అని వాదించుట వృథా.

నెల్లిమర్లకు దక్షిణగోళమున సరియైన జోడు ఫిజీ దీవుల ముఖ్యపట్టణమగు సువా. దాని దక్షిణ అక్షాంశము 18.14 డిగ్రీలు. 1903 మొదలు మద్రాసునుండి కూలి ఒడంబడికలపై ఫిజీకి ఓడలెక్కినవారిలో విశాఖపట్నం జిల్లావారును కలరు. విజయనగరం ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1979లో గనుక అప్పటికి నెల్లిమర్ల ప్రాంతము ఆ జిల్లాలోనిదే. చెరకు తోటలలో పనిచేసి సాయంకాలమున తలయెత్తి చూచినవారికి శుక్లాష్టమి చంద్రుడు ఉత్తరదిశను, ఎడమసగము వెలుగుచు కనబడెడివాడు. స్వస్థలమున నున్న బంధువులు అతనినే దక్షిణమున, కుడిసగము వెలుగగా చూచెడివారు. అచ్చట బింబము రాత్రియంతయు సాధారణముగా తిరుగునదియు అపసవ్యముగానే. అయితే క్షితిజమునుండి లేచునపుడు మాత్రము రెండు ఊళ్లలోను చెవులపిల్లి ఇంచుమించు ఒకే తీరున నుండుట గమనింపదగినది. మధ్యాకాశమునకు చేరినపుడే భేదము పూర్తిగా బయటపడును. మారిషస్సులోని తెలుగువారి అనుభవమును దీనికి సమీపమైనదే.

నెలవంక కొమ్ముల యెగుడుదిగుడులను గూర్చిన విచారము మన జ్యోతిషమునకు కొత్త కాదు. దీనికి శృంగోన్నతి యని పేరు. సూర్యసిద్ధాంతమున పదవ అధ్యాయము దీనికే కేటాయింపబడినది. వరాహమిహిరుడు బృహత్సంహితలోని చంద్రచారమున నౌక, నాగలి, దండము, విల్లు మున్నగు ఆకృతులను చెప్పి వానికి శుభాశుభ ఫలములను కూడ చెప్పెను. ఫలముల మాట నట్లుంచి, ఆకృతులకు కారణము స్పష్టము. చంద్రునిలో వెలుగు భాగము ఎల్లపుడును సూర్యునివైపే తిరిగియుండును; సూర్యుడు క్రుంకిన పిమ్మట చంద్రుడు అతనికి నిట్టనిలువుగా పైననుండెనేని కొమ్ములు రెండును సమముగా నిలిచి పడవ యగును, ప్రక్కకు ఒరగియుండెనేని ఒక కొమ్ము హెచ్చును. సూర్యచంద్రుల మార్గమైన క్రాంతివృత్తము పడమటి క్షితిజముతో చేయు కోణము దీనిని నిర్ణయించును. నెల్లిమర్లలో మార్చి నెలాఖరున సూర్యాస్తమయ వేళ ఈ కోణము 95 డిగ్రీలు; అనగా ఉగాది వెళ్లిన రెండుమూడు దినములకు కనబడు నెలవంక ఇంచుమించు సమతలముగా తేలు పడవ. సెప్టెంబరులో అదే కోణము 48 డిగ్రీలకు తగ్గి, చంద్రుడు సూర్యునికి ఎడమవైపున, దక్షిణముగా ఒరగి, వెలుగు కుడిదిగువ అంచున నిలుచును. ఈ ఒరగుడు చక్కగా కనబడు దినములలో వినాయక చవితి ఒకటి. నీలాపనిందల భయమున ఆ సాయంకాలము చంద్రుని చూడక తలుపులు వేసికొనువారే హెచ్చు గనుక, సంవత్సరమున శృంగోన్నతికి మంచి ఉదాహరణము మనవారి కన్ను తప్పిపోవుచున్నది. సువాలో ఋతువులు తారుమారగుటచేత పడవ చంద్రుడు సెప్టెంబరులోను, ఒరిగిన చంద్రుడు మార్చిలోను కనబడును. లండనులో మార్చియందు ఈ కోణము 62 డిగ్రీలు, సెప్టెంబరున 15 డిగ్రీలు మాత్రమే; మన పాఠ్యపుస్తకముల నిలువు నెలవంక ఈ రెండవ దానికి చెందినది. చంద్రుని మార్గము క్రాంతివృత్తమునుండి అయిదు డిగ్రీలవరకు తొలగియుండుటచే ఈ లెక్కలు ఏటేట కొంత సడలుచుండును.

గ్రహణ సమయములయందు వాలు సంగతి మరింత ప్రస్ఫుటమగును. గ్రహణము ఏ దిక్కున పట్టి ఏ దిక్కున విడుచునో ముందుగా చెప్పుటకు సిద్ధాంతకర్తలు వలనము అను కోణమును గణించిరి. అందు ఆయనవలనము ఊరిని బట్టి మారదు, అక్షవలనము స్థలముయొక్క అక్షాంశమును బట్టియు, మధ్యాహ్నరేఖనుండి బింబమునకు గల దూరమును బట్టియు మారును. ఒక గ్రహణపు పటమును గీయుటకు ఊరిపేరు ముందుగా అడుగుట ఆ గణితములో విధి. 2025 సెప్టెంబరు 7నాటి సంపూర్ణ చంద్రగ్రహణము ఇందుకు ఉదాహరణము. రాత్రి 9 గంటల 57 నిమిషములకు ఛాయ బింబమును తాకిన క్షణము భూమి కంతటికిని ఒక్కటే. కాని నెల్లిమర్లలో ఆగ్నేయదిశను ఎత్తుగా నున్న బింబమునకు మసక ఎడమ అంచున ఆరంభమాయెను. సువాలో మరునాటి వేకువ 4 గంటల 27 నిమిషములై పడమటికి దిగుచున్న బింబమునకు అదే మసక కుడివైపు పై అంచున ఆరంభమాయెను. పిమ్మట నెల్లిమర్లవారు గ్రహణమును మోక్షమువరకు చూచిరి, సువావారికి చంద్రుడు ఎఱ్ఱబడియుండగనే అస్తమించెను.

సూర్యగ్రహణమున వాలు మాత్రమే గాక చంద్రుని తావే మారును. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరమున, అనగా ఖగోళదృష్టిలో మిక్కిలి చేరువగా, ఉండుటచే, భూగోళపు ఎదురెదురు అంచులనుండి చూచిన ఇరువురికి అతడు నక్షత్రముల నడుమ సుమారు రెండు డిగ్రీల తేడాతో కనబడును. బింబవ్యాసము అర డిగ్రీయే గనుక ఈ తేడా నాలుగు బింబములకు సమీపము. ప్రాచీనులు దీనిని తూర్పుపడమరల లంబనమనియు, ఉత్తరదక్షిణముల నతి యనియు విభజించి లెక్కించిరి. 1868 ఆగస్టు 18నాటి సూర్యగ్రహణమును సంపూర్ణముగా చూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునను, మద్రాసు వేధశాలాధిపతి పాగ్సన్ మచిలీపట్టణమునను, ఆ వేధశాల ఉద్యోగియైన చింతామణి రఘునాథాచారి వనపర్తియందును మకాము చేసిరి. హీలియమునకు చెందినదని తరువాత తేలిన పసుపుపచ్చని వర్ణపటరేఖ అప్పటి పరిశీలనలలో బయటపడినదే. విజయనగర ప్రాంతము ఆ ఛాయాపథమునకు ఉత్తరముగా తొలగియుండుటచే ఇచ్చటివారికి పాక్షికగ్రహణమే లభించినది. ఈ ప్రాంతమున స్థానభేదమును శాస్త్రరీతిగా వినియోగించుటకు సాధనసంపత్తి లేకపోలేదు: గోడే వెంకట జగ్గారావు విశాఖపట్టణమున సొంత ధనముతో వేధశాలను నెలకొల్పెను, అతని యల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడపుచు 1874 డిసెంబరు 9నాటి శుక్రసంక్రమణమును పరిశీలించెను. వేర్వేరు ఊళ్లవారికి శుక్రుడు సూర్యబింబముపై వేర్వేరు గీతల వెంట పోయినట్లు కనబడుటనుండి సూర్యుని దూరమును సాధించుట ఆ కృషి లక్ష్యము.

పరిమాణమును గూర్చి లోకమునందొక భ్రమ కలదు. క్షితిజము చెంత చంద్రుడు పెద్దగా తోచుట కంటికిని మనసునకును చెందిన వ్యవహారము. కొలిచి చూచినచో ఫలితము తలక్రిందగును. నడినెత్తికి వచ్చిన చంద్రుడు లేచునప్పటికంటె చూచువానికి భూవ్యాసార్ధమంత దూరము, అనగా 6,378 కిలోమీటర్లు, చేరువై నూటికి ఒకటిన్నర పాళ్లకు పైగా పెద్దవాడగును. ఈ పెంపు నిండుగా దక్కునది నెల్లిమర్లవంటి ఉష్ణమండల గ్రామములకే. క్షితిజమున బింబము అడుగున కొంత నొక్కుకొనినట్లుండుట, ఎఱ్ఱబారుట వాయుమండలపు పని.

అంచుల విషయమున అతిస్వల్పమైన భేదమొకటి దూరదర్శినితో చూచువారికి తెలియును. చంద్రుని గమనవేగము మారుచుండుటచేతను, అతని యిరుసు వాలియుండుటచేతను బింబము ఊగినట్లై, కాలక్రమమున మొత్తము ఉపరితలములో నూటికి 59 పాళ్లు భూమినుండి కనబడును. దీనికి తోడు, చూచువాడు భూమితో కూడ తిరుగుచుండుటచే ఉదయవేళ ఒక అంచును, అస్తమయవేళ వేరొక అంచును సుమారు ఒక డిగ్రీ మేర ఎక్కువగా తొంగిచూడగలుగును.

కళ దేశమును బట్టి మారదని పైన చెప్పితిమి. కాని రాత్రి అన్నిచోట్ల ఒకేమారు రాదు. చంద్రుడు సూర్యునినుండి గంటకు సుమారు అర డిగ్రీ చొప్పున దూరమగుచుండును గనుక, సువాలో సాయంకాలమైన పిమ్మట ఆరు గంటలకు పైగా గడచి నెల్లిమర్లలో సాయంకాలమగునప్పటికి నెలవంక మూడు డిగ్రీలకు మించి ఎడమై, ఆ మేరకు దళసరియగును. అచ్చట కనరాని తొలి నెలవంక ఇచ్చట కనబడుటకును, ఇచ్చట కనరానిది అరేబియాలో కనబడుటకును ఇదియే ముఖ్యకారణము. రంజాను మాసారంభమున దేశదేశములకు ఒకనాటి తేడా వచ్చుట ప్రాయికముగా దీనివలననే. హిందూ పంచాంగమునకు కంటిచూపుతో నిమిత్తము లేదు గాని, అందును స్థానభేదము తప్పదు. తిథి ముగియు క్షణము లోకమంతటికి ఒక్కటే, సూర్యోదయము మాత్రము ఊరూరికి వేరు. సోమవారము ఉదయము 10 గంటలకు నెల్లిమర్లలో ముగియు తిథి, వేసవి గడియారము నడచు దినములలో, న్యూయార్కున అదే సోమవారము ఆరంభమైన అరగంటకే ముగిసిపోవును. కావున ఆ తిథికి చెందిన పండుగ, సూర్యోదయమునకు తిథి యుండవలెనను నియమము గలదైనచో, ఇచ్చట సోమవారము, అచ్చట ఆదివారము వచ్చును. అమెరికాలోని తెలుగువారికి ఆయా నగరములకు వేరుగా గణించిన పంచాంగములు అందుచేతనే అవసరమగుచున్నవి.