తలుపులు తీసే ఉంచాలన్న చట్టం

మన ఇళ్ళల్లో శుక్రవారం వచ్చిందంటే ఆడవాళ్ళు తలంటి పోసుకుంటారు, ఉతికిన చీర కట్టుకుంటారు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటారు. ముస్లిం ఇళ్ళల్లోనూ అంతే. జుమ్మా రోజున స్నానం, శుభ్రమైన బట్టలు, పండగలకీ పెళ్ళిళ్ళకీ మెహందీ. ఇందులో తప్పేముందని అడిగితే ఎవరైనా నవ్వుతారు. కాని 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశంలో ఈ పనులే నేరాలు. శుక్రవారం నాడు శుభ్రమైన బట్ట కట్టిందని ఒక ఇల్లాలి మీద పొరుగావిడ వెళ్ళి ఫిర్యాదు చెయ్యవచ్చు. విచారణ జరిపేది మతాధికారుల కోర్టు. అలాంటి రోజుల్లో ఇస్లామును ఆచరించినవాళ్ళ కథ ఇది. ముఖ్యంగా వాళ్ళ ఆడవాళ్ళ కథ.

స్పెయిన్‌లోకి ముస్లిములు 711లో వచ్చారు. తరువాత ఉత్తరాది క్రైస్తవ రాజులు ఒక్కొక్క ఊరే గెలుచుకుంటూ దక్షిణానికి దిగారు. 1085లో టొలీడో నగరం వాళ్ళ వశమయింది. గెలిచిన చాలా చోట్ల ముస్లిములను వెళ్ళగొట్టలేదు. పన్ను కట్టి, తమ మసీదూ తమ ఖాజీలతో బతకనిచ్చారు. వీళ్ళకి ముదేజార్లని పేరు. అంటే రాజు మతం ఒకటి, తమ మతం ఇంకొకటి అయినా నాలుగు వందల ఏళ్ళ పాటు నడిచిందన్న మాట. ఇది మరచిపోతే తరువాత జరిగింది అర్థం కాదు.

చివరికి మిగిలిన గ్రనాడా రాజ్యం 1492 జనవరి 2న ఫెర్డినాండ్, ఇసబెల్లా దంపతులకు లొంగిపోయింది. మసీదులు, మత ధర్మశాస్త్రం, ఆచారాలు ఎప్పటిలాగే ఉంటాయని ఒప్పందంలో రాసిచ్చారు. అక్కడి మొదటి ఆర్చిబిషప్పు తలవేరా నిదానస్థుడు. నచ్చజెప్పి మార్చాలే గాని బలవంతం కూడదనేవాడు. 1499లో సిస్నెరోస్ అనే మరో ఆర్చిబిషప్పు వచ్చి ఆ నిదానాన్ని పక్కన పెట్టాడు. బలవంతపు బాప్తిస్మాలు మొదలయ్యాయి. అరబ్బీ గ్రంథాలను నగరంలో బహిరంగంగా తగలబెట్టించాడు. వైద్య గ్రంథాలు మాత్రం దాచుకున్నారట. ఆ తెలివి ఉంది! జనం తిరగబడ్డారు. తిరగబడ్డారు కనుక ఒప్పందం చెల్లదన్నారు. 1502లో కాస్టీల్ రాజ్యమంతటా, 1526 నాటికి ఆరగాన్, వలెన్షియాలలో కూడా ఇస్లాము నిషేధమయింది. బాప్తిస్మం పొందిన ఈ ముస్లిములనే మొరిస్కోలన్నారు.

ఇప్పుడు వాళ్ళేం చెయ్యాలి? సముద్రం అవతల మొరాకోలోని ఫెజ్ నగరంలో అల్ వన్షరీసీ అనే పెద్ద పండితుడుండేవాడు. క్రైస్తవ రాజుల ఏలుబడిలో ముస్లిము ఉండకూడదు, ఆ రాజు ఎంత న్యాయవంతుడైనా సరే లేచి వచ్చెయ్యాలి అన్నది ఆయన తీర్పు. మాట చెప్పడం తేలిక. మంచాన ఉన్న అత్తగారిని, చంటిబిడ్డని, ఉన్న ఆ కాస్త పొలాన్ని ఏం చేసుకుని పడవ ఎక్కుతారు? ఓడరేవులో ఎక్కనిచ్చేదెవరు?

1504లో ఒరాన్ నగరానికి చెందిన ఇబ్న్ అబీ జుమా అనే మరో ముఫ్తీ ఇంకోలా రాశాడు. ఉన్నచోటే ఉండి మతం నిలుపుకోండి, ఎలాగంటే ఇలాగ అని విడమర్చి చెప్పాడు. నమాజు చెయ్యనివ్వకపోతే సైగతోనైనా చెయ్యండి. పగలు కుదరకపోతే రాత్రి చేసుకోండి. వజూకి నీళ్ళు ముట్టనివ్వకపోతే గోడకి చెయ్యి రాసినా చాలు. జకాత్‌ను బిచ్చగాడికి దానం చేసినట్టు ఇవ్వండి. విగ్రహం ముందు వంగమంటే వంగండి, మనసు మాత్రం అల్లా వైపు ఉంచండి. సారా తాగించినా, పంది మాంసం తినిపించినా, అది అపవిత్రమని లోపల అనుకుంటే చాలు. ఈ ఉత్తరం చేతులు మారి, నకళ్ళు రాయించుకుని, స్పానిషులోకి కూడా వచ్చి, అరవై ఏళ్ళ తరువాత కూడా దొంగచాటుగా తిరిగింది. ఎవరి పాండిత్యం గొప్పదో నాకు తెలియదు గాని, ఇల్లు గడుపుకునే మనిషి కష్టం తెలిసినవాడు మాత్రం ఈ ఒరాన్ ముఫ్తీ అని నాకనిపిస్తుంది.

మసీదు పోయింది, ఖాజీ పోయాడు. ఇక మిగిలింది ఇల్లు. ఏ నూనెతో వండుతారు, ఏ రోజు స్నానం చేస్తారు, బిడ్డకి ఏ పేరు పెడతారు, చచ్చినవాళ్ళకి ఎలా స్నానం చేయించి ఏ గుడ్డ చుడతారు. ఇవన్నీ ఆడవాళ్ళ చేతుల్లోని పనులేగా! పంది కొవ్వుతో కాక ఆలివ్ నూనెతో వండడం ఒక గుర్తు. బాప్తిస్మం చేయించి తెచ్చిన బిడ్డకి వేణ్ణీళ్ళతో ఒళ్ళు కడిగేవారట, ఆ తైలం పోవడానికి. బిడ్డకి బయట ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. రంజాను నెలలో పగలు తినకపోవడం ఎలా దాస్తారో ఊహించుకోండి. మతవిచారణ అధికారులు ఇలాంటి గుర్తుల జాబితాలు చర్చిల్లో చదివించి, తెలిసినవాళ్ళు వచ్చి చెప్పాలని హెచ్చరించేవారు.

అరెవలో ఊరి యువకుడుగా చరిత్రలో నిలిచిన ఒక మొరిస్కో రచయిత, గ్రనాడాలో తొంభై దాటిన ఒక ముసలమ్మను కలిసిన సంగతి రాశాడు. ఉబెదా ఊరి ముస్లిము స్త్రీ అనే పిలుపే గాని ఆమె సొంత పేరు మనకు దక్కలేదు. మతం విషయంలో సందేహం వస్తే జనం ఆమె దగ్గరికే వెళ్ళేవారట.

అధికారులకీ ఈ కిటుకు తెలుసు. 1526లోనే అరబ్బీ భాష, వేషం, ఆచారాలు మానాలని ఆజ్ఞ ఇచ్చారు. మొరిస్కోలు పెద్ద మొత్తం కట్టి దాని అమలును నలభై ఏళ్ళు ఆపించుకున్నారు. గడువు తీరింది. 1567 జనవరి 1న కొత్త చట్టం చాటించారు. మూడేళ్ళలో అరబ్బీ మరచిపోవాలి. ఆడవాళ్ళు ముసుగు తియ్యాలి. స్నానశాలలు పడగొట్టాలి. గోరింటాకు పెట్టుకోకూడదు. శుక్రవారాల్లో, పెళ్ళి రోజుల్లో వీధి తలుపు తీసే ఉంచాలి, దారిన పోయేవాడు లోపలికి చూడగలిగేలాగ.

దీనికి ఫ్రాన్సిస్కో నూన్యెజ్ ములేయ్ అనే వృద్ధుడు జవాబు రాశాడు. చిన్నప్పుడు తలవేరా ఆర్చిబిషప్పు కొలువులో పెరిగినవాడే. ఈ బట్టలు మతానివి కావు, మా సీమవి అన్నాడు. ఉన్న బట్టలు పారేసి కొత్తవి కుట్టించుకోవడానికి పేద ఆడవాళ్ళకి డబ్బెక్కడిది? అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు తూర్పు దేశాల్లో లేరా? ముసలివాళ్ళు మూడేళ్ళలో ఇంకో భాష ఎలా నేరుస్తారు? స్నానశాలలు ఒంటి శుభ్రానికే గాని మతానికి కావన్నాడు. ఎంత సూటిగా అడిగాడో! కాని ఆచారానికీ మతానికీ సంబంధం లేదని ఆయన చేసిన వాదం పూర్తిగా నిజమని నేననుకోను. ప్రాణాల మీదికొచ్చినప్పుడు అలాగే వాదించాలి, అంతే.

ఎవరూ వినలేదు. 1568 క్రిస్మస్ ముందు రాత్రి అల్పుహర్రా కొండల్లో తిరుగుబాటు లేచింది, 1571 దాకా సాగింది. అణిచాక వేలాది కుటుంబాలను చలికాలంలో నడిపించి కాస్టీల్ అంతా చెల్లాచెదురు చేశారు. ఎందరో దారిలోనే పోయారు. అప్పటికీ అనుమానం తీరక 1609 నుంచి 1614 వరకు మొరిస్కోలందరినీ దేశం నుంచే వెళ్ళగొట్టారు. దాదాపు మూడు లక్షల మంది. ముస్లిము దేశాలకి వెళ్ళేవాళ్ళు చిన్నపిల్లలను వదిలి వెళ్ళాలని కొన్ని ప్రాంతాల్లో షరతు. అందుకని ఫ్రాన్సు వెళుతున్నామని చెప్పి, పిల్లలను చంకనెత్తుకుని, అక్కణ్ణుంచి చుట్టు తిరిగి సముద్రం దాటినవాళ్ళున్నారు.

ట్యునీషియాలో వాళ్ళు కట్టుకున్న టెస్టూర్ అనే ఊరు ఇప్పటికీ ఉంది. అక్కడికి చేరినవాళ్ళలో చాలామందికి అరబ్బీ రాదు. మత గ్రంథాలు కూడా స్పానిషులోనే రాసుకున్నారు!

1884లో ఆరగాన్ ప్రాంతంలో అల్మోనాసిద్ అనే ఊళ్ళో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే దొంగ అరలోంచి పుస్తకాలు బయటపడ్డాయి. అక్షరాలు అరబ్బీవి, భాష స్పానిషు. వజూ ఎలా చెయ్యాలి, ఏ దువా ఎప్పుడు చదవాలి, ప్రవక్త కథలు. అవేమిటో తెలియక ఊరి పిల్లలు కొన్నిటిని చించి కాల్చేశారు. మిగిలినవాటిలో చాలా భాగం మాడ్రిడ్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.