చెంచా పట్టిన చేతులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో కలరాని గత్తర అంటారు. ఆ భయం పోయినా మాట తిట్టుగా మిగిలింది. గత్తరొస్తే ఊరంతా అమ్మవారికి మొక్కేది. ఒక్క చంటిబిడ్డకి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే మాత్రం నేరం తల్లిదే. ఆమె పాలు చెడ్డాయి, తినకూడనిది తిన్నది. పళ్ళొస్తున్నాయన్న మాటొక్కటే కాస్త దయగలది. ఇక వైద్యమంటారా, రొమ్ము మాన్పించడం, నీళ్ళు ఆపడం. ఒంట్లో నీరంతా పోతున్న బిడ్డకి నీళ్ళివ్వొద్దనడం! కళ్ళు గుంటలు పడి, మాడు లోతుకుపోయి, ఏడ్చినా కన్నీరు రాని స్థితికి చేరేది బిడ్డ.

ఉప్పుకి గ్లూకోజు తోడైతే పేగు నీటిని పీల్చుకుంటుందని 1960లలో తేలింది. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో, మన సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థుల మధ్య కలరా చెలరేగి సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ ద్రావణాన్నే నమ్ముకున్నారు. నర్సులు లేరు, రోగుల అయినవాళ్ళే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకి దిగాయి. ఆయనకి 2023లో, మరణానంతరం, పద్మవిభూషణ్ ఇచ్చారు. ఇవ్వాల్సిందే. తాగించిన చేతులకి మాత్రం చరిత్రలో ఒక్క వాక్యం దక్కింది.

ప్రపంచంలోకెల్లా చవకైన వైద్యం అంటారు దీన్ని. లీటరు మంచినీళ్ళలో తలగొట్టి ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు. నిజమే, చవకే. బిడ్డ కక్కితే పది నిమిషాలాగి మళ్ళీ చెంచా చెంచాగా, తెల్లవార్లూ పట్టాలి. మధ్యలో పాలివ్వాలి. సాగర్ ఎడమ కాలువ కింద నాట్ల రోజుల్లో, పొద్దున్నే మడిలో దిగాల్సిన కూలితల్లి మేలుకున్న ఆ రాత్రి ఏ లెక్కలోకొచ్చింది? మర్నాడు పోయిన కూలి? నీళ్ళు కాచి వాడమని గోడమీద రాస్తారు, కట్టెలెవరు తేవాలో రాయరు. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ సూర్యాపేట ప్రాంతం మీదుగా సాగి, మిర్యాలగూడ దగ్గరి వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. ఆ మురుగూ తల్లి అశుభ్రతేనా?

తర్వాత మార్కెట్ వచ్చింది. అతిగా చక్కెర కలిపిన పానీయాలు ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని మందుల షాపులకెక్కాయి. అంత చక్కెర విరేచనాల్ని పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు తీసెయ్యమంది. అసలు పొట్లం, దాంతోపాటు 14 రోజుల జింకు బిళ్ళలూ ఆశా కార్యకర్త దగ్గర ఊరికే దొరుకుతాయి. ఆమె కూడా ఆడమనిషే, ఆమెకి జీతం లేదు, పారితోషికమే.