కోటలో కోట - చెన్నై సెయింట్ మేరీస్ చర్చి

చెన్నైలోని సెయింట్ జార్జి కోటలో, తమిళనాడు సచివాలయానికి చేరువలో ఉన్న సెయింట్ మేరీస్ చర్చి, భారతదేశంలో ఆంగ్లేయులు నిర్మించిన చర్చిలలో నేటికీ నిలిచి ఉన్న వాటిలో అత్యంత ప్రాచీనమైనదిగా పరిగణింపబడుతున్నది. దైవప్రార్థనకై వెలసిన ఈ కట్టడం యుద్ధకాలంలో రక్షణస్థానంగా, శాంతికాలంలో చరిత్ర భాండాగారంగా ఉపయోగపడింది.

నిర్మాణం

ఈస్టిండియా కంపెనీ గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ చొరవతో, కోటలోని ఆంగ్లేయులు ఇచ్చిన చందాలతో 1678 మార్చి 25న నిర్మాణం ఆరంభమైంది. ఆ దినం మేరీమాత పండుగ కావడం వల్ల చర్చికి ఆ పేరు వచ్చింది. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. వెలుపలి గోడల మందం 4 అడుగులు. పైకప్పును కలప లేకుండా ఇటుక కమానులతో నిర్మించారు. ఫిరంగి గుండ్లకు, అగ్నికి తట్టుకొనడమే దీని ఉద్దేశం.

యుద్ధకాలంలో

ఈ ముందుచూపు వృథా కాలేదు. 1746లో ఫ్రెంచివారు కోటను వశపరచుకొని 1749 వరకు తమ అధీనంలో ఉంచుకున్నారు. 1758-59లో లాలీ సేనలు కోటను ముట్టడించాయి. ఇటువంటి విపత్కాలాల్లో చర్చి సైనికుల విడిదిగాను, సరుకులు నిలువచేసే గిడ్డంగిగాను మారింది. నాడు కోట వెలుపలి శ్మశానంలోని సమాధులు లాలీ సైనికులకు మాటుగా ఉపయోగపడ్డాయి. అందువల్ల ముట్టడి అనంతరం వాటిని తొలగించి, శిలాఫలకాలను చర్చి ఆవరణలో పరిచారు. వీటిలో 1652 నాటి ఫలకం కూడా ఉన్నది.

తెలుగునాటితో అనుబంధం

1680లో ఎలిహు యేల్ వివాహం, 1753లో రాబర్ట్ క్లైవ్ వివాహం ఇక్కడే జరిగాయి. అయితే తెలుగువారికి ఈ చర్చితో మరింత సన్నిహితమైన సంబంధం ఉన్నది. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా 1800 నుండి 1807 వరకు పనిచేసి, రైత్వారీ విధానాన్ని అమలుపరచిన సర్ థామస్ మన్రో, 1820లో మద్రాసు గవర్నరు అయ్యారు. పదవిలో ఉండగా పర్యటనలో కలరా సోకి 1827 జూలై 6న పత్తికొండలో మరణించారు. ముందుగా గుత్తిలో ఖననం చేసిన ఆయన అవశేషాలను 1831లో ఈ చర్చికి తరలించారు.

నేడు

1947లో ఏర్పడిన దక్షిణ భారత సంఘం ఆధ్వర్యంలో ఇక్కడ ఆరాధనలు కొనసాగుతున్నాయి. ఫిరంగులను ఎదిరించిన గోడలకు నేడు యుద్ధభయం లేదు. కానీ ఆవరణలోని శిలాక్షరాలు ఎండవానలకు, సందర్శకుల పాదాల తాకిడికి గురవుతున్నాయి. ఆ అక్షరాలు చెరిగిపోతే, మరెక్కడా సమాధి గుర్తు లేని పలువురి జ్ఞాపకం వాటితోపాటే అంతరిస్తుంది. కనుక కట్టడంతోపాటు ఆ ఫలకాలను కూడా పదిలపరచవలసిన అవసరం ఉన్నది.