పొగ ఆగిపోయాక

లంబసింగిలో పొద్దుగూకిందంటే చలి మీద పడుతుంది. సంక్రాంతికి ఇంకా పది రోజులు. ఆశా కార్యకర్త వెనకే మీరూ అరుగెక్కి, తల వంచి లోపలికొచ్చారు. ఈ ఊరికి కొర్రబయలని ఇంకో పేరు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడట. ఇలాంటిచోట కిటికీ తెరవమని చెప్పాలంటే నోరు రాదు. మీ పళ్లే టకటకలాడుతున్నాయి.

గది మధ్య ఇనప బొచ్చెలో నిప్పులు. కిటికీ సందుల్లో గోనెసంచులు కుక్కారు. ముసలమ్మ చేతులు కాచుకుంటోంది, పక్కన కడుపుతో ఉన్న కోడలు.

"పొగంతా పోయేదాకా వాకిట్లోనే ఉంచాను. ఎర్రగా అయ్యాకే లోపలికి తెచ్చాను" అంటుంది ముసలమ్మ, కాస్త గొప్పగానే. మీకు మీ ఇంట్లో బాలింత గది కుంపటి గుర్తొస్తుంది. అక్కడా ఇదే జాగ్రత్త, ఇదే పొరపాటు.

"పొగుంటే దగ్గొచ్చి లేపుతాదత్తా. ఇది లేపదు" అంటుంది ఆశా.

గాలి చాలక బొగ్గు సగం సగం కాలితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాస్‌లో వాసన కలిపి అమ్ముతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది. దీనికెవరు కలుపుతారు? రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోటును ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా మోసపోయి మంచి అంకే చూపిస్తుంది.

"పొద్దున్న తలనొప్పిగా ఉందా?" కోడలిని అడుగుతుంది ఆశా.

"అందరికీ ఒచ్చింది. వాకిట్లోకొచ్చాక తగ్గింది. చలికేమో అనుకున్నాం."

ఆశా సంచిలోని కరపత్రం సంచిలోనే ఉండిపోయింది. గుడ్డపేలికలు తీసి ఒకటి మీ చేతికిస్తుంది. బొచ్చె చెరోవైపు పట్టుకుని గడప దాటిస్తారు. పేలికలోంచి వేడి అరచేతికి తగులుతోంది. గోనెసంచి లాగేసరికి చలిగాలి రివ్వున దూరింది.

"చంపేత్తావేటే పిల్లా!"

"కాచుకోవద్దననత్తా. వాకిట్లో కాచుకోండి, పడుకునే గదిలోకి మాత్రం తేకండి. తల తిరిగితే ముందు అందరూ బయటికి రండి. ఆ తరవాతే 108కి ఫోను."

మళ్లీ దారి. మంచులో పర్యాటకుల గుడారాల వరస. ఒకదాని గుడ్డ లోపల్నుంచి ఎర్రగా వెలుగుతోంది. పిలిస్తే పలుకు లేదు. జిప్పు మీకే దగ్గర, లాగండి.