రేవు పడవ వెనుక తల్లీకూతుళ్లు

ఈమధ్య మన ఇళ్లలోంచి బాంకాక్ చూసొచ్చే వాళ్లు ఎక్కువయ్యారు. వెళ్లినవాళ్లు బంగారు గోపురాలు చూస్తారు, బజార్లు తిరుగుతారు, టాక్సీకి బోలెడు డబ్బు పోస్తారు. ఆ ఊరివాళ్లు మాత్రం చిల్లరతో పడవెక్కి హాయిగా పోతారు. మీరూ పోవచ్చు. అయితే ఆ పడవకొక చరిత్ర ఉంది, వినండి.

1782లో మొదటి రామ రాజు చావ్ ఫ్రాయా నది ఒడ్డున బాంకాక్‌ను రాజధాని చేసుకున్నాడు. అప్పట్లో ఆ ఊరికి వీధులంటే కాలువలే. కూరగాయల బేరమైనా, చుట్టాలింటికి పోవడమైనా నీళ్లమీదే. 1837లో మూడవ రామ రాజు సేన్ సేప్ కాలువ తవ్వించడం మొదలుపెట్టాడు. ఎందుకనుకున్నారు? తూర్పు దిక్కున యుద్ధానికి సైన్యాన్ని పంపడానికి! ఈనాడు అదే కాలువలో ఆఫీసులకు పోయేవాళ్లు లాంచీలెక్కుతున్నారు. 1860 తర్వాత రోడ్లు వచ్చాయి. పోనుపోను ఎన్నో కాలువలు పూడ్చేశారు. కానీ నదిని పూడ్చలేరు గదా! అక్కడ పడవ నిలిచింది.

ఆ నదిమీద ఒక తల్లి తెడ్డు పడవలతో జనాన్ని ఈ గట్టునుంచి ఆ గట్టుకు దాటించే వ్యాపారం నడిపింది. ఆమె కూతురు సుపత్రా సింఘోల్కా. 1910లో పుట్టిన ఈవిడ న్యాయశాస్త్రం చదువుకుంది. అయినా తల్లి పడవల్ని చిన్నచూపు చూడలేదు. వాటిని చేపట్టి పెంచి, 1971లో చావ్ ఫ్రాయా ఎక్స్‌ప్రెస్ బోట్ కంపెనీ స్థాపించింది.

అంతటితో ఊరుకోలేదు. అక్కడి 1935 నాటి కుటుంబ చట్టంలో ఇంటికి పెద్ద భర్త. ఉమ్మడి ఆస్తిమీద పెత్తనమూ అతనిదే. అంటే పెళ్లయిన స్త్రీ ఎంత కష్టపడి కూడబెట్టినా ఆ సొమ్ముమీద ఆఖరిమాట ఆమెది కాదన్నమాట. ఇది మారాలని పోరాడిన మహిళా న్యాయవాదుల్లో సుపత్రా ముందు నిలిచింది. 1974 రాజ్యాంగం స్త్రీపురుషులు సమానమంది. 1976లో కుటుంబ చట్టాన్నీ సవరించారు. దంపతులిద్దరికీ ఆస్తిమీద సమాన హక్కు వచ్చింది. ఆవిడ 1993లో కన్నుమూసింది.

ఇక ప్రయాణం మాట. యాత్రికుల కోసం వేరే లాంచీలున్నాయి, వాటికి ఖరీదెక్కువ. మీరు నారింజ రంగు జెండా ఉన్నది చూసి ఎక్కండి. చిల్లర చేతిలో ఉంచుకోండి. కండక్టరు రేకు డబ్బా గలగలలాడిస్తూ మీ దగ్గరికే వచ్చి టిక్కెట్టిస్తుంది. లాంచీ రేవులో ఆగేది క్షణమే, పిల్లల చెయ్యి వదలకండి. బౌద్ధ భిక్షువులకు విడిచిన చోట మనం నిలబడకూడదు, వారిని తాకకూడదు. సేన్ సేప్ కాలువ లాంచీలో అంచున కూర్చుంటే నీళ్లు మీద చిందుతాయి. పక్కనున్న పట్టాను తాడుతో పైకి లాగుకోవాలి.

ఒడ్డుకు దిగాక మీ పిల్లలకు గుళ్ల సంగతితోబాటు ఆ తల్లీకూతుళ్ల సంగతీ చెప్పండి. గుళ్లు కట్టించిన రాజుల పేర్లు పుస్తకాల్లో ఎలాగూ ఉంటాయి.